సీసా మూతి తగలకుండా

సాయన్నపల్లె, వయా స్టేషన్ ఘన్‌పూర్
17-8-2011

తమ్ముడు కల్యాణ్‌కు,

ఇక్కడ నేను, మీ బావ బాగున్నం. నువ్వెట్లున్నవో తర్వాత అడుగుత. ముందు ఒక్కటి చెప్పు. మొన్న ఆదివారం నువ్వు రాసిన ఇన్‌లాండ్ కవరు మడతల నీలం మరక ఎక్కడిది?

సిరా అని మాత్రం అనకు. నువ్వు రాసింది నల్ల పెన్నుతో. గోటితో గీకితే పొడి రాలింది. పదకొండేండ్ల నుంచి ఈ ఊరి బ్రాంచి పోస్టాఫీసు చూసుకుంటున్న. కవరుకు పసుపు ఉంటే పెండ్లి పత్రిక అని, నూనె అంటితే మిర్చి బండి దగ్గర నిలబడి రాసిందని విప్పకముందే చెప్పగలను. ఈ నీలం పొడి నేను ఒక్క చోటనే చూసిన. జనగామ స్టేషన్ పక్కన, బల్ల మీద కర్రతో బంతులు కొట్టే ఆ పూల్ పార్లర్‌ల నుంచి నిన్ను చొక్కా పట్టి బయటికి గుంజుకొచ్చిన నాడు నీ వేళ్ళ నిండ అదే ఉండె. కర్ర కొసకు రుద్దే చాక్ పొడి.

ఎనిమిది నెలలు "కాలేజీల ఉన్న అక్కా, క్లాసు నడుస్తున్నది" అని ఫోన్‌ల చెప్పినవు. వెనుక బంతులు టకటక కొట్టుకుంటుంటే "బెంచీలు సర్దుతున్నరు" అన్నవు. పిచ్చిదాన్ని, నమ్మిన. అందుకే నీతోని ఫోన్ మాటలు బంద్ పెట్టి వారానికొక ఉత్తరం రాయమన్న. నోటితో చెప్పినంత నున్నగ కాగితం మీద అబద్ధం రాయడం నీకు చేతకాదు.

మీ బావ దోస్తు రఘునాథ్ భూపాలపల్లిల బొగ్గుబాయి ఆఫీసర్ల క్లబ్బుల వంట చేస్తడు కాబట్టి నీకు ఛాయ్ అందించే కొలువు దొరికింది. పోయేనాడు ఇక కర్ర ముట్టనని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పినవు. ఆ క్లబ్బుల పూల్ బల్ల ఉన్నదా? ఉంటే నాకెందుకు చెప్పలేదు? లేకుంటే ఈ పొడి ఏ తోవన వచ్చింది?

ఆదివారం దాకా ఆగకుండ జవాబు రాయి. బావ నిన్ను తిట్టొద్దంటున్నడు. ఆయన మాట కూడ రాసిన, ఇక నాదేం బాకీ లేదు.

అక్క, రజిత


భూపాలపల్లి
21-8-2011

అక్కా,

దొరికిపోయిన. క్లబ్బుల పూల్ బల్ల ఉన్నది. కర్ర ముట్టిన. నీకు చెప్పాలంటే భయమయ్యింది.

కాని ఆట ఆడుతలేను. ఇది చదివి నువ్వు నవ్వుతవని తెలుసు, అయినా రాస్తున్న.

ఇక్కడ మక్బూల్ చాచా అని పెద్దమనిషి ఉన్నడు. క్లబ్బుల మార్కర్. అంటే బంతులు పేర్చి, ఆట లెక్క చెప్పి, బల్ల మీది గుడ్డ బ్రష్షుతో తుడిచే మనిషి. ముప్ఫై ఏండ్ల నుంచి అదే పని. ఒకరోజు ఆఫీసర్లు పోయినంక కప్పులు ఏరుతుంటే బల్ల మీద బంతులు కనబడ్డయి. ఆగలేక ఒక దెబ్బ కొట్టిన. బంతి ఉరికి పోయి మూలజేబుల పడ్డది. జనగామల అయితే చప్పట్లు పడేటివి. చాచా మాత్రం "నువ్వు బంతిని కొట్టలే బేటా, బెదిరించినవ్. భయపడి పోయి దాక్కున్నది" అన్నడు.

తర్వాత నా మోచెయ్యి పట్టుకొని తప్పులు చూపించిండు. కర్ర వెనక్కి తీసేటప్పుడు సక్కగనే ఉంటది, ముందుకు వచ్చేటప్పుడు మణికట్టు లోపలికి తిరుగుతది. పిడికిలి బిగిస్త. దెబ్బ పూర్తిగ పడకముందే తల లేపి బంతి ఎటు పోయిందో చూస్త. "ఐదేండ్లు ఆడినవ్ గని గిందుల ఒక్కదినం గూడ నేర్చుకున్నది లేదు" అన్నడు. నేర్పమని అడిగితే షరతులు పెట్టిండు. నలభై రోజులు ఆట లేదు, పందెం లేదు, చూసేటోళ్లు ఉండొద్దు. పొద్దుగాల ఏడు నుంచి ఎనిమిది దాకా ఒక్క గంట, అంతకు నిమిషం ఎక్కువైనా వద్దు. ఒక రోజు ఒక్క తప్పే సరిచేసుకోవాలె.

బల్ల మీద ఖాళీ సీసా అడ్డంగ పండబెడతడు. కర్ర కొస దాని మూతిల నుంచి లోపలికి పోవాలె, బయటికి రావాలె, అంచుకు తగలొద్దు. తగిలితే టింగుమంటది. కర్రను కుడిచేత వదులుగ పట్టాలె, వెనక్కి పోయిన కాడ ఒక్క క్షణం ఆపాలె, అప్పుడు ముందుకు పంపాలె. మూడువందల సార్లు. బంతి లేదు. బంతి లేకున్నా చాక్ రుద్దాలె, అది చాచా నియమం. నీకు దొరికిన పొడి అదే. ఇయ్యాల్టికి పన్నెండో రోజు.

నీ తల మీద చెయ్యి పెట్టి చెప్పింది తప్పిన. క్షమించు.

నీ తమ్ముడు కల్యాణ్


సాయన్నపల్లె
26-8-2011

కల్యాణ్‌కు,

కథ బాగ అల్లినవు. ఆట పిచ్చోడు నలభై రోజులు ఆట ఆడకుండ సీసాల కర్ర ఆడిస్తడంట. పక్కింటి పిల్లకు చెబితే గూడ నమ్మది.

నీ ఉత్తరం రాకముందే బావకు రఘునాథ్ ఫోన్ చేసిండు. ఆయన చెప్పింది ఇది: "పొల్లగాడు మంచిగనే ఉన్నడు గని, పొద్దుగాల్నే బల్ల మీద సీసా వెట్టుకొని తలుపేసుకుంటుండు." ఇప్పుడు నువ్వు రాసినదాంట్ల గూడ సీసా ఉన్నది. రెండు దిక్కుల నుంచి సీసా వచ్చిందంటే సీసా నిజమే. దాంట్ల ఏమున్నదో అదొక్కటే నాకు తెలియాలె. ఖాళీ సీసా అంటున్నవు. ఎవరు ఖాళీ చేసిండ్రు? ఆఫీసర్ల క్లబ్బుల సోడా సీసాలు మాత్రమే ఉంటయా?

నేను ఒకరి మాట ఉత్తగ కొట్టిపడేసే దాన్ని కాదు. అందుకే కొబ్బరినూనె గాజుసీసా కడిగి స్టూలు మీద పండబెట్టి, చీపురుకట్టె తీసుకొని వంగి చూసిన. ఇరవై సార్లల పదిహేడు సార్లు టింగుమన్నది. నడుము పట్టింది. అప్పుడే మీ బావ డ్యూటీ దిగి వచ్చి, గడపల నిలబడి "ఏంది రజితా, సీసాల తేలు జొచ్చిందా?" అన్నడు. ఏం చెప్పాల్నో తెల్వక అవునన్న. పాపం ఆయన చెప్పు తీసుకొని వచ్చిండు.

ఇంత కష్టమైన పని, ఇంత విసుగు పని, నువ్వు దినాం మూడువందల సార్లు చేస్తున్నవా? పదో క్లాసుల పది ఎక్కాలు వరుసగ రాయమంటే ఏడ్చినోనివి. నాకు నమ్మకం కలుగుతలేదు. వచ్చే ఉత్తరంల ఆ మక్బూల్ సాబు చేతి సంతకం పెట్టించు.

ఆరోగ్యం చూసుకో. తాగుతే మాత్రం నాకు మొఖం చూపకు.

అక్క


భూపాలపల్లి
18-9-2011

అక్కా,

అడిగినట్టు చాచా సంతకం కింద పెట్టించిన. నలభై రోజులు నిండినంకనే పెడతనన్నడు, అందుకే ఇన్ని వారాలు రాయలే. ఉర్దూల ఉన్నది. నువ్వు చదవలేవు, దాని మీద గూడ అనుమానం పడుతవు, తెలుసు.

ఇక్కడ తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనంక బాయిలన్నీ ఆగినయి. సైరన్ మోగుతలేదు. మొదటి రెండు రోజులు ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టలే. ఆఫీసర్లు క్లబ్బుకు వస్తలేరు, క్లబ్బు బంద్ చేసిండ్రు. రఘునాథ్ అన్న ఖాళీగ ఉన్నడు, నేనూ ఖాళీ. కాని తాళం చాచా దగ్గరనే ఉంటది. గుడ్డకు దుమ్ము పట్టకుండ చూడాలె గదా. పొద్దుగాల వెనుక తలుపు నుంచి ఇద్దరం పోతున్నం.

ఇయ్యాల్టికి నలభై రోజులు. పోయిన వారం నుంచి సీసా అయిపోయి తెల్లబంతి వచ్చింది. ఒక్కటే బంతి. నడిమి నుంచి సక్కగ కొడితే ఎదురు గట్టుకు తగిలి తిరిగి వచ్చి కర్ర కొసనే ముట్టాలె. మణికట్టు ఇంత తిరిగినా పక్కకు పోతది. రెండుసార్లు వరుసగ తప్పితే కర్ర కింద పెట్టి బల్ల చుట్టు ఒక్కసారి నడిచి రావాలె, కోపంల ఇంకోటి కొట్టొద్దు. చివరి దెబ్బ మంచిది పడ్డంకనే ఆపాలె. నిన్న యాభైల ముప్ఫై ఒకటి తిరిగొచ్చినయి. ఎన్నడు కాలే అక్కా నాకు అట్ల.

ఇంకొక సంగతి. హైదరాబాద్‌ల నవంబర్ 12న రాష్ట్ర పూల్ జట్టు సెలెక్షన్ ఉన్నది. చాచా దగ్గరుండి ఫారం నింపించిండు. ఇక్కడ నా పేరుకు ఏ కాగితం లేదు, ఓటరు కార్డు మన ఊరిదే. అందుకని చిరునామా కేరాఫ్ రజిత, సాయన్నపల్లె పోస్టాఫీసు అని రాసిన. ఫారం ఒప్పుకుంటే ఆనాడు లోపలికి రానిచ్చే పాసు రిజిస్టర్ పోస్టుల వస్తదంట. వచ్చిన వెంటనే పంపు. ఎవరి చేతుల్నో పడేకంటే నీ చేతుల్ల పడితేనే నాకు ధైర్యం.

సమ్మెల బావ జాగ్రత్త.

కల్యాణ్


సాయన్నపల్లె
28-9-2011

కల్యాణ్‌కు,

ఈ ఉత్తరానికి జవాబు నిజం రాయి, లేకుంటే అసలు రాయకు.

ఆర్టీసీ గూడ సమ్మెల దిగింది. మీ బావ కండక్టర్ సంచి గోడకు తగిలించి, దినాం ఘన్‌పూర్ రోడ్డు మీద వంటావార్పుల కూర్చుంటున్నడు. అన్నం వండి వడ్డించేది గూడ ఆయనే. నాది సెంట్రల్ కొలువు, పోస్టు నడుస్తున్నది. బస్సులు లేక టపా సంచి రైలు దిగినంక మా ఆఫీసు ఎల్లస్వామి సైకిల్ మీద తెస్తున్నడు. ఆ సంచిలనే నీ ఉత్తరం వచ్చింది.

దాని మీద ముద్ర చూసిన. మహబూబాబాద్. భూపాలపల్లిల కూర్చొని రాసిన ఉత్తరానికి మహబూబాబాద్ ముద్ర ఎట్ల పడ్డది? నువ్వు అసలు ఎక్కడున్నవు?

ఇది ఒకటి. రెండోది ఇంకా అన్యాయం. మొన్న జనగామ ధర్నాకు మీ దిక్కు బాయి కార్మికుడు సారయ్య వచ్చిండు, బావకు తెలిసినాయన. ముచ్చట్లల చెప్పిండంట: "ఆఫీసర్ల క్లబ్బుకు ఒక పొల్లగాడు దినాం ఎన్క దర్వాజ నుంచి పోతుండు. మేం బువ్వ మానుకొని సమ్మె జేస్తుంటే, గాడు దొరలకు ముచ్చట్లు మోస్తుండు. దొరకనీ గాని." బావ ఇంటికి వచ్చి అన్నం ముందట కూర్చొని లేచిపోయిండు. ఆ పిల్లగాడు నా బామ్మర్ది అని నలుగురిల చెప్పలేక వచ్చిండు ఆయన.

అమ్మ పోయిన నాడు నీకు తొమ్మిదేండ్లు. నిన్ను సంకన ఏసుకొని పెంచిన. ఆటకు బానిసైతే సహించిన. సమ్మె చేసేటోళ్ల కడుపు మీద కొట్టేటోడు మాత్రం నాకు తమ్ముడు కాదు. సద్దుల బతుకమ్మకు ఇక్కడికి రావద్దు. నాకు నువ్వు చెప్పే సీసా ముచ్చట, బంతి ముచ్చట, సెలెక్షన్ ముచ్చట అన్నీ ఒక్కటే బట్టకు మాసికలు లాగ కనబడుతున్నయి.

రజిత


భూపాలపల్లి
8-10-2011

అక్కా,

సద్దులకు రాలే. బస్సులు లేక కాదు, నువ్వు వద్దన్నవని.

ముద్ర సంగతి చెబుత. మక్బూల్ చాచా బిడ్డ ఖమర్ బీ మహబూబాబాద్ అవతల గార్లల ఉంటది. ఆమెకు కాన్పు అయితే చాచా లారీ పట్టుకొని పోయిండు. ఇక్కడ పోస్టు డబ్బా విప్పుతరో లేదో అని నా ఉత్తరం ఆయన చేతికి ఇచ్చిన. మహబూబాబాద్ స్టేషన్ దగ్గర వేసిండు. అంతే. మనుమరాలు పుట్టింది, పేరు అమ్రీన్.

క్లబ్బు సంగతి. ఐదు రోజుల కింద పదిమంది కార్మికులు వెనుక తలుపు కాడ మమ్మల్ని పట్టుకున్నరు. వాళ్లల హన్మంత్ అన్న పెద్ద. నా మెడ మీద చెయ్యి వేసి "ఏం మోస్తున్నవ్ రా దొరలకు? జేబులు విప్పు" అన్నడు. జేబుల నీలం చాక్ ముక్క ఒక్కటే ఉన్నది. దాన్ని వాసన చూసిండు. లోపలికి వచ్చి గదులన్నీ వెతికిండ్రు. బల్ల మీద సీసా తప్ప ఏం దొరకలే. నలభై రోజులు అయినంక గూడ మొదటి పది నిమిషాలు సీసాతోనే చేస్తం.

"గిదేంది?" అన్నడు. చాచా "జెర జేసి సూపియ్ బేటా" అన్నడు. వంగి కర్ర పట్టుకున్న. ఇరవై సార్లు పంపిన, ఒక్కసారి గూడ చప్పుడు రాలే. హన్మంత్ అన్న కర్ర గుంజుకొని తానూ వంగిండు. ఇరవై ఏండ్లు బాయిల బొగ్గు కొట్టిన చెయ్యి అది. మొదటి దెబ్బకే సీసా పోయి గోడకు తాకి పగిలింది. అందరు నవ్విండ్రు. ఆయన గూడ నవ్విండు.

తర్వాత మాత్రం చాచాతోని గట్టిగనే చెప్పిండు. "నువ్వు మంచోనివే సాబ్. కాని సమ్మె అంటే సమ్మె. బల్లకు దుమ్ము వట్టనీ." చాచా తాళంచెవి తీసి ఆయన చేతుల పెట్టిండు. నాకు కండ్లల నీళ్లు వచ్చినయి, కాని ఆయన చేసింది న్యాయమే అనిపించింది.

ఇప్పుడు రఘునాథ్ అన్న క్వార్టర్ ముందు సిమెంటు అరుగు ఉన్నది. దాని మీద దుప్పటి పరిచి కొత్త సీసా పెట్టుకున్న. దెబ్బ నేర్చుకోవడానికి బల్ల లేకున్నా నడుస్తదని చాచా అంటడు. పొద్దుగాల బాయి కార్మికులే ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి పోతున్నరు. చూసేటోళ్లు ఉండొద్దన్న షరతు పోయింది.

రిజిస్టర్ కవరు వచ్చిందా? ఈ వారంల వస్తదన్నరు. బావకు నేను తప్పు చేయలేదని చెప్పు.

కల్యాణ్


సాయన్నపల్లె
17-10-2011

తమ్ముడు కల్యాణ్‌కు,

నువ్వు రాసింది బావకు చదివి వినిపించిన. చానా సంబరపడ్డడు. సీసా పగిలిన కాడ మళ్లీ చదవమన్నడు.

రైల్ రోకో అని మూడు దినాల నుంచి బండ్లు లేవు, సంచి లేదు. కవరు ఏదీ రాలేదు. వస్తే చెబుత.

సద్దులకు చేసిన మలీద లడ్డూలు డబ్బాల పెట్టి ఉంచిన. వేళకు తిను. అరుగు మీద మోకాళ్లకు చలి తగుల్తది, గోనెసంచి వేసుకో.

అక్క


భూపాలపల్లి
30-10-2011

అక్కా,

సమ్మె అయిపోయింది, సైరన్ మళ్లీ మోగుతున్నది. క్లబ్బు తెరిచిండ్రు. హన్మంత్ అన్న తాళంచెవి తానే తెచ్చి ఇచ్చిండు.

నా మనసు మనసుల లేదు. జనగామ మాజిద్ గుర్తున్నడా, పార్లర్‌ల నాతోని ఆడేటోడు? వానికి పాసు వచ్చి పదిహేను రోజులైంది. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే "మీకూ పంపినం, అందింది గూడ" అంటున్నరు. అందింది అని ఎట్ల అంటరు? వాళ్ల తప్పు కప్పిపుచ్చుకోవడానికి అబద్ధం ఆడుతున్నరని నాకు అనుమానం. లేకుంటే ఎల్లస్వామి అన్న ఎక్కడన్న పడేసిండా? సైకిల్ మీద సంచి తెస్తున్నడంటివి. ఆయనను ఒకసారి గట్టిగ అడుగు.

యాభైల నలభై ఆరు తిరిగొస్తున్నయి ఇప్పుడు. నాకే భయమైతున్నది.

కల్యాణ్


సాయన్నపల్లె
4-11-2011

కల్యాణ్‌కు,

ఎల్లస్వామిని అడిగిన. తెల్వదన్నడు. ముసలోడైతున్నడు, మరుపు గూడ వచ్చింది.

అవి పెద్ద ఊరి వ్యవహారాలు, వాళ్లు అట్లనే చెబుతరు. రానిది ఇక రాదు. దాని గురించి పరేషాన్ గాకు. డిగ్రీ ప్రైవేటుగ కట్టుకోవచ్చంట, జనగామల అడిగిన.

అక్క


భూపాలపల్లి
15-11-2011

అక్కా,

హైదరాబాద్ పోయి వచ్చిన. మాజిద్‌ను తోడు తీసుకొని పోయిన. పాసు లేకున్నా బతిమాలుదామని.

రానియ్యలే. టేబుల్ కాడ కూర్చున్నాయన ఓపికగనే మాట్లాడిండు. "తమ్ముడూ, మీ కవరు అందినట్టు కార్డు తిరిగొచ్చింది" అని ఫైల్ విప్పి ఆ కార్డు తీసి చూపించిండు. తేదీ అక్టోబర్ 12. కింద సంతకం.

ర అక్షరం కింద కొక్కెం తిప్పి జ మీద నుంచి గీత కొట్టే సంతకం. నా ప్రోగ్రెస్ కార్డు మీద ఐదేండ్లు అదే సంతకం చూసిన అక్కా.

పొద్దంత అద్దాల తలుపు అవతల నిలబడి చూసిన. మాజిద్ ఓడిపోయిండు. తల లేపి కొట్టిండు, నేను ఇంతకు ముందు కొట్టినట్టే. నేను లోపల ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెల్వదు, నాకు గూడ తెల్వదు. ఆ తెల్వకపోవుడే నన్ను తింటున్నది.

వాళ్లను అనుమానించిన. ఎల్లస్వామి అన్నను అనుమానించిన. మాజిద్ ఏమన్న చేసిండా అని గూడ ఒక రాత్రి అనుకున్న. నీ మీద మాత్రం ఒక్కసారి గూడ అనుమానం రాలే.

ఎందుకు అక్కా?

కల్యాణ్


సాయన్నపల్లె
21-11-2011

కల్యాణ్,

ఏ సంబోధన రాయాల్నో చెయ్యి రాలే. పేరు మాత్రం రాసిన.

నేనే తీసుకున్న. అక్టోబర్ 12 పొద్దున ఎల్లస్వామి సంచి విప్పి "తమ్మునిదమ్మా, రిజిస్టర్" అని నా చేతుల పెట్టిండు. కవరు మీద రెండు కర్రలు అడ్డంగ పెట్టి, నడుమ బంతి బొమ్మ ఉండె. చూడంగనే ఒళ్లు మండింది. నీ ఎనిమిదో తారీఖు ఉత్తరం నాకింకా అందలే. సారయ్య మాటలే చెవుల ఉన్నయి. సంతకం పెట్టి సొరుగుల వేసి తాళం వేసిన.

అంతటితోని ఆగితే కోపంల చేసిన పని అందువు. రెండు దినాలకు నీ ఉత్తరం వచ్చింది. హన్మంత్ ముచ్చట చదివిన. నిజమని తెలిసిపోయింది. అదే సాయంత్రం రఘునాథ్ బావకు ఫోన్ చేసి "మీ పొల్లగాడు నలబై దినాలు ఒక్క ఆట ఆడలే, గసొంటోన్ని నేను సూడలే" అన్నడు. ఆ రాత్రి కవరు విప్పిన. వేరేటోళ్ల కవరు విప్పడం పదకొండేండ్లల అదే మొదటిసారి. పాసు మీద నీ ఫొటో ఉన్నది. తేదీకి ఇంకా నెల రోజులు ఉన్నది. అప్పుడు పంపినా అందేది.

పంపలే. ఆ ఆట నిన్ను మళ్లీ ఎత్తుకపోతదని భయపడ్డ అని చెప్పుకుందామనుకున్న. అది సగమే. పంపితే నేను ఇన్ని రోజులు నిన్ను అన్న మాటలన్నీ తప్పని ఒప్పుకోవాలె. నా అనుమానమే గెలవాలని ఉండె నాకు. దినాం రేపు పంపుత అనుకున్న. నువ్వు అడిగినప్పుడు రాలేదని రాసిన. ఎల్లస్వామి మీద గూడ నెట్టిన. నిన్న ఆయనకు చెప్పి కాళ్లు పట్టుకోబోతే "వద్దు తల్లీ" అని సైకిల్ ఎక్కి పోయిండు. ఇయ్యాల సంచి లోపలికి తేకుండ గడప కాడనే పెట్టిండు.

బావకు చెప్పిన. ఆయన నాతోని మాట్లాడుతలేడు.

దీనితోని ఒక కాగితం పెడుతున్న. నా మీద ఫిర్యాదు. రిజిస్టర్ కవరు ఆపింది, విప్పింది, అబద్ధం చెప్పింది, తేదీలతో సహ నేనే రాసిన. కింద నీ సంతకం పెట్టి పై ఆఫీసుకు పంపు. నా కొలువు పోతది, పోవాల్సిందే. నాకు నేను రాసుకుంటే రాజీనామా అయితది, నువ్వు పంపితే న్యాయం అయితది.

పాసు గూడ లోపలనే ఉన్నది. ఇప్పుడు దేనికీ పనికిరాదు, అయినా అది నీది.

క్షమించమని అడుగుతలేను.

రజిత


భూపాలపల్లి
4-12-2011

అక్కా,

జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. నాలుగుసార్లు మొదలుపెట్టి ఆపిన. వాటిల రాసిన మాటలు నీకు పంపేటివి కావు.

హైదరాబాద్ నుంచి వచ్చినంక పది రోజులు కర్ర ముట్టలే. ముట్టిన నాడు యాభైల పద్దెనిమిదే తిరిగొచ్చినయి. చాచా మనుమరాలిని చూపిస్త రమ్మని గార్లకు తోలుకపోయిండు. రెండు దినాలు ఉండి వచ్చినం. ఇప్పుడు మళ్లీ ఏడింటికి పోతున్న.

నువ్వు పంపిన కాగితం నా దగ్గరనే ఉన్నది. పంపలే. చింపలే గూడ. ఎందుకని అడగకు, నాకే తెల్వదు. పంపుదామని ఒకసారి సంతకం గూడ పెట్టిన.

బావతోని మాట్లాడు. ఆయన మాట్లాడకుంటే నువ్వే మాట్లాడు. ఎల్లస్వామి అన్నకు నేను వేరే ఉత్తరం రాసిన. ఆయనను అనుమానించింది నేను గూడ గదా.

ఫిబ్రవరిల ఇంకొక సెలెక్షన్ ఉన్నది. ఫారం తెచ్చిన. రఘునాథ్ అన్న, "గీసారి క్లబ్బు అడ్రస్ రాయరాదు, నేను ఆఫీసర్ తోని కాగితం ఇప్పిస్త" అన్నడు. మాజిద్ వాళ్లింటి చిరునామా ఇస్తనన్నడు. రెండూ మంచి మాటలే. ఫారం ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్న. కోపం పోయిందని రాస్తే అబద్ధమైతది అక్కా, పోలే.

కేరాఫ్ రజిత, బ్రాంచి పోస్టాఫీసు, సాయన్నపల్లె అనే రాసిన. నిన్న రిజిస్టర్ చేసి వచ్చిన. జనవరిల కవరు వస్తది. సంతకం పెట్టి తీసుకో.

నీ తమ్ముడు,
కల్యాణ్